నాటకం మేర

మొన్న చలికాలంలో చిన్నమ్మను చూసి వద్దామని ఊరికి పోతే, కొట్టంలో ఈనిన గేదె మీద జరీ అంచు శాలువా కప్పి ఉంది. ముదురు ఎరుపు, అంచున మామిడి పిందెల నేత. గేదె మాత్రం తనకు సన్మానం జరిగిందని ఏమీ అనుకోకుండా నెమరు వేసుకుంటోంది. ఇదేంది చిన్నమ్మా అంటే, "ఈనిన గొడ్డు మంచుకు వణకతా ఉంటే ఏం కప్పేది? బీరువా నిండా అయ్యే ఉండాయి. నువ్వూ రెండు తీసకపో, నెల్లూర్లో కుక్కరు కింద ఏసుకోను పనికొస్తాయి" అంది. లోపలికి పోయి చూస్తే ఇంట్లో శాలువా కప్పని వస్తువు లేదు. టీవీ మీద పచ్చది, కుట్టుమిషను మీద పసుపుది, బియ్యం డ్రమ్ము మీద ఊదాది. ఒక్కొక్కటీ ఒక్కో నాయకుడి చేతుల మీదుగా మా చిన్నాయన భుజాలెక్కి, అక్కణ్నించి బీరువాలో దిగింది. ఏది ఏ పార్టీవాళ్లు కప్పారో చిన్నమ్మకు తెలియదు. అన్నీ ఒకే కొట్లో కొన్నట్టుంటాయి, నాకేం తెలుస్తుంది అంటుంది. చిన్నాయన కిందటేడు పోయాడు. కప్పించుకునే భుజాలు పోయాక శాలువాలు గేదెకు వచ్చాయి. వాటిని సరైన పనికి వాడిన మనిషి మా ఇంట్లో చిన్నమ్మ ఒక్కతే అని నాకనిపించింది.

చిన్నాయన అంటే మా నాన్నకు ఆఖరి తమ్ముడు. కోవూరు దాటి సముద్రం వైపు పోతే, వరి మళ్లు అయిపోయి ఇసక నేలా సరుగుడు తోటలూ మొదలయ్యే చోట మా ఊరు. అందరిలాగే ఆయనకూ కాలవ కింద కొంచెం మాగాణి, ఒక కాడి ఎద్దులు, ఒక గేదె. ఏడాదిలో ఒక్క రాత్రి మాత్రం ఆయన రాజు. మనిషి పొట్టి. కిరీటం పెట్టుకుంటేగాని మా నాన్న చెవి దాకా వచ్చేవాడు కాదు. కానీ గొంతు విప్పితే సముద్రం ఒడ్డున పాలెంలో వలలు బాగుచేసుకునేవాళ్లు తల ఎత్తేవాళ్లని చెప్పుకునేవారు. గాలి ఎటు వీస్తోందో కూడా చూసుకోవాలనుకోండి. సాధనకని ఆయనకు వేరే వేళ ఉండేది కాదు. దున్నుతూ, మడవ కడుతూ, గడ్డి మోస్తూ పద్యాలు పాడేవాడు. ఆలాపన సాగదీశాడంటే ఎద్దులు తమను ఆగమంటున్నాడనుకొని చాల్లోనే నిలబడిపోయేవి. అందుకని ఊరందరి దుక్కులూ అయిపోయినా మా చిన్నాయన దుక్కి అయ్యేది కాదు. "ఎద్దులకు ఉండే రసికత కూడా నీకు ల్యా" అని చిన్నమ్మను ఆటపట్టించేవాడు. "వాటికి కూడు వండే పని ల్యా కదా" అనేది ఆమె. ఆయనకు పిల్లల చదువుల మీద, పంట ధరల మీద పెద్దగా బెంగ ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు. మా ఊరి నాటకం ఏ ఏడూ ఆగకూడదు, అదొక్కటే ఆయన బెంగ.

ఈ కాలం పిల్లలకు మేర అంటే ఏమిటో చెప్పాలి. కళ్లంలో వడ్లు కొలిచి ఇంటికి తోలుకునే ముందు, ఏడాదంతా ఊరి పనులు చేసిన చాకలికి, మంగలికి, వడ్రంగికి, కమ్మరికి ఇంతింత అని కొలిచి ఇచ్చే గింజలు మేర. ఎవరూ అడగక్కర్లేదు, అది వాళ్ల వాటా. ఇది అన్ని ఊళ్లలోనూ ఉండేదే. మా ఊళ్లో ఇంకొకటి కూడా ఉండేది, నాటకం మేర. అందరి మేరలూ అయ్యాక, కొలిచే మనిషి "ఇది నాటకానికి" అని పది మందికీ వినపడేట్టు పలికి ఒక కుంచం వేరే గోతంలో పోసేవాడు. పెద్ద ఆసామి అయినా కుంచమే, కౌలుకు చేసుకునేవాడైనా కుంచమే. ఎవరు పెట్టిన పద్ధతో ఎవరికీ తెలియదు. దీనికొక కట్టుబాటు కూడా ఉంది. ఆ గోతం మూతి తెరిచి పట్టుకోవాల్సింది ఆ ఏడు రాజు వేషం కట్టేవాడే. మంత్రి పట్టకూడదు, సేనాపతి పట్టకూడదు. ఎండలో, దుమ్ములో, వరి నూగుకు ఒళ్లంతా దురద పెడుతుంటే, రాజే కళ్లం కళ్లానికీ తిరిగి గోతం పట్టాలి. ఎందుకట్లా అని నేను చిన్నప్పుడు మా నాన్నను అడిగితే, "కిరీటం తలకెక్కకుండా ఉండేదానికి" అన్నాడు. మా చిన్నాయన ఆ గోతాన్ని ఎంత ఠీవిగా పట్టేవాడంటే, ఆయనే ఏదో దానం చేస్తున్నట్టుండేది.

పాలెం వాళ్లకు వడ్లు లేవు కాబట్టి వాళ్లు పందిరి ఇచ్చేవాళ్లు. నాటకం రోజు పొద్దున్నే సరుగుడు వాసాలు, మోకులు, పాత తెరచాపలు మోసుకొచ్చి, మధ్యాన్నానికల్లా రంగస్థలం నిలబెట్టేసేవాళ్లు. వాళ్లు వేసిన ముళ్లు గాలికి ఊగేవిగాని ఊడేవి కావు. తెరచాపల్లో ఉప్పూ చేపలూ కలిసిన వాసన పోయేది కాదు. అందుకని మా ఊరి రాజసభలో ఎప్పుడూ ఎండు నెత్తళ్ల వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడన్నా ఆ వాసన తగిలితే నాకు రాజు, మంత్రి, వెనక హార్మోనియం గుర్తుకొస్తాయి. నెల్లూరు ఆసుపత్రిలో నాతో పనిచేసిన నర్సులకు ఈ మాట చెబితే నవ్వేవాళ్లు.

డ్రెస్సులు నెల్లూరు నుంచి వచ్చేవి. వాటి యజమానిని మేమంతా సాయిబు మామ అనేవాళ్లం. రాజుల్నీ దేవుళ్లనీ రాక్షసుల్నీ ట్రంకుపెట్టెల్లో మడత పెట్టి ఎర్రబస్సు మీద వేసుకొచ్చేవాడు. మఖమలు గుడ్డ తనే కత్తిరించి, పూసలు తనే కుట్టి, అట్ట కిరీటానికి బంగారు కాగితం తనే అంటించేవాడు. ఆయనకు కూడా వడ్లే ఇచ్చేవాళ్లు. అవి సన్న రకం మొలగొలుకులే అయ్యుండాలని పట్టుబట్టేవాడు. పెళ్లివారితో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడుతూనే, వేషం కట్టినవాణ్ని కళ్లల్లో వత్తులు వేసుకొని కాచేవాడు. ఒకసారి మా చిన్నాయన తెర వెనక బీడీ ముట్టిస్తే, "అన్నా, రాజు బీడీ తాగితే తాగినాడు. నా మఖమలు మీద నిప్పురవ్వ పడిందంటే మాత్రం నువ్వు రాజువనేది చూడను" అన్నాడు. చిన్నాయన బీడీ ఆర్పేశాడు.

ఇంక మేర పోసినవాళ్ల అధికారం గురించి చెప్పాలి, అసలు సంగతి అదే. మా వీధి చివర ఒక అవ్వ ఉండేది. సెంటు భూమి లేదు. కోతలయ్యాక మళ్లలో రాలిన వెన్నులు ఏరుకొని, ఆ పరిగె గింజలతో గడిపేది. ఆమె కూడా నాటకం మేర పోయాల్సిందే. ఆమెకు కళ్లం ఎక్కడిది, గోతాన్ని గుమ్మం ముందుకే పిలిపించుకునేది. కుంచం నిండకపోతే రేపు రమ్మని రాజును వెనక్కి పంపేది. ఒక ఏడు చిన్నాయనకు జలుబు చేసి గొంతు పూడుకుపోయింది. సభ ఘట్టంలో దుఃఖంతో పాడాల్సిన పద్యం ఒకటి ఎగరగొట్టి, ఏమీ ఎరగనట్టు మాటల్లోకి దిగిపోయాడు. జనంలోంచి అవ్వ లేచి నిలబడింది. "ఏమయ్యా రాజా, ఆ ఏడుపు పద్యం యాడ పోయింది? నా కుంచం గింజలు తిన్నావు కదా, పాడు" అంది. జనం పడీపడీ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే, పాడు పాడు అనడం మొదలుపెట్టారు. మా చిన్నాయన కిరీటం తీసి చేత్తో పట్టుకొని, ఆమెకు దణ్ణం పెట్టి, ఆ జీర గొంతుతోనే పాడాడు. అవ్వ చివరిదాకా నిలబడి విని, "బాగాలా. అయినా పాడినావు, అది చాలు" అని చెప్పి చాప మీద కూలబడింది. ఆ తర్వాత ఆయన ఎన్ని ఊళ్లలో ఎన్ని మెప్పులు పొందినా, ఆ అవ్వ తిట్టును చెప్పుకున్నంత గొప్పగా ఏదీ చెప్పుకోలేదు.

అట్లాంటి నాటకానికి ఒక ఏడు నాయకుడు వచ్చాడు. మా వైపు నుంచి కొత్తగా గెలిచినవాడు. పక్క ఊళ్లో పెళ్లికి వచ్చి, దారిలో మైకు విని కారు ఆపించాడు. ఇప్పుడు ఆయన్ను దొంగ అంటే మీకు నమ్మకం కుదురుతుందేమోగాని, నాకు నోరు రాదు. నేను సెలవు పెట్టి ఊరికి వచ్చి ఉన్నాను, కళ్లారా చూశాను. ఆయన చాప మీదే కూర్చున్నాడు. తెల్లవారేదాకా లేవలేదు. రాజు అడవులపాలయ్యే ఘట్టంలో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత, ఇంత నాటకం ఎట్లా నడుపుతున్నారయ్యా అని ఎవరినో అడిగాడు. వాళ్లు ముచ్చటపడి, కుంచం సంగతీ, రాజే గోతం పట్టే కట్టుబాటూ అంతా చెప్పారు. దాన్ని విని ఆయన నిజంగానే బాధపడ్డాడు. మంగళహారతి అయ్యాక రంగస్థలం ఎక్కి మైకు తీసుకున్నాడు. ఇంతటి మహానుభావుడు గోతం పట్టుకొని కళ్లాల్లో అడుక్కోవడమేమిటి, ఇది నాకు సిగ్గు, ప్రభుత్వానికి సిగ్గు, వచ్చే ఏటి నుంచి ఈ నాటకం భారం మాది అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎవరం ఎందుకు కొట్టకుండా ఉంటాం?

అడుక్కోవడం అన్న మాటను అంతకుముందు మా ఊళ్లో ఎవరూ ఆ గోతానికి వాడలేదు. ఆ మాట వినగానే మా చిన్నాయన మొహం ఎట్లా అయిందో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. రంగు పూసిన మొహం మీద చెమట కారుతోంది. ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. అన్నేళ్లు తను చేసింది అడుక్కోవడమా అని అప్పుడే అనుమానం వచ్చినవాడిలాగా ఉన్నాడు. తర్వాత తేరుకొని, ఒళ్లు పొంగి, నాయకుడి చేతిలో మైకు తను అందుకున్నాడు. ఇంకా కిరీటం తీయలేదు. సభలో రాజు ఆజ్ఞ ఇచ్చే గొంతు ఉందే, ఆ గొంతుతో చెప్పాడు. "వచ్చే కోతల నించి ఎవురూ నాటకం మేర పొయ్యబళ్లా. మన కళ్లాల్లో ఇంక ఈ గోతం కనపడదు." ఆ పూట నాటకం మొత్తంలో అంత బాగా పలికిన మాట ఇంకొకటి లేదు. పాలెం దాకా వినపడి ఉంటుంది.

ఇంటికొచ్చాక చిన్నమ్మ కొబ్బరినూనె రాసి ఆయన మొహం మీది రంగు తుడుస్తూ, "మబ్బులో నీళ్లు జూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకున్నట్టుండాది నీ యవ్వారం" అంది. "నీకు తెలవదులే. ఇంక నాటకం గౌరవంగా బతకతాది" అన్నాడు ఆయన. గోతం మడిచి అటక మీద పెట్టాడు. చిన్నమ్మ సామెతలకు మా ఇంట్లో ఎవరూ విలువ ఇచ్చేవాళ్లు కాదు. పూటకొకటి చెబుతుంది కదా, అన్నిటికీ భయపడితే ఎట్లా.

నిజం చెప్పాలంటే మొదట్లో డబ్బు వచ్చింది. నాయకుడు అన్న మాట నిలబెట్టుకున్నాడు. షామియానా వచ్చింది, పెద్ద లైట్లు వచ్చాయి, ముందు వరసలో సోఫాలు వచ్చాయి. షామియానా వాడే గుంజలు పాతుకున్నాడు కాబట్టి పాలెం వాళ్లతో పని లేకపోయింది. వాళ్లు సాయంత్రం శుభ్రంగా తల దువ్వుకొని చుట్టాల్లాగా వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక అంచునే నిలబడి, మధ్యలో వెళ్లిపోయారు. మరుసటేడు రాలేదు. సోఫాల్లో కూర్చోవాల్సినవాళ్లు వచ్చి దీపం వెలిగించేదాకా తెర లేవకూడదు. రాజు కిరీటం పెట్టుకొని తెర వెనక కుర్చీలో కునికిపాట్లు పడేవాడు. వాళ్లు వచ్చాక ఉపన్యాసాలు, శాలువాలు. నాటకం మొదలయ్యేసరికి పిల్లలు నిద్రపోయేవాళ్లు, సోఫాలు ఖాళీ అయ్యేవి. పద్యం బాగుంటే మళ్లీ పాడమని అడిగేవాడు లేడు. పద్యం ఎగరగొడితే అడిగేవాడూ లేడు. అవ్వ అప్పటికి లేదు. ఉన్నా ఏమని అడిగేది, ఎవరి కుంచం తిన్నారని?

డబ్బు ఇచ్చేవాళ్లు డ్రెస్సులకు బిల్లు కావాలన్నారు. సాయిబు మామ కొట్టుకు బోర్డే లేదు. "బోర్డు లేని కొట్టుకు బిల్లు యాడ తెచ్చేది అన్నా" అని నవ్వాడు. బిల్లు ఉన్న కంపెనీ ఏదో వేరే ఊరి నుంచి మెరిసే సాటిను బట్టలు పంపించింది. ఆ ఏడు సాయిబు మామ మనసు పట్టలేక ఉత్త చేతులతో నాటకం చూడ్డానికి వచ్చి, నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు చూసి, "రాజు బాగుండాడమ్మా. గుడ్డలే బీదగా ఉండాయి" అన్నాడు. ఆ తర్వాత ఆయన బడి పిల్లల యూనిఫారాలు కుట్టుకోవడంలో పడ్డాడు. చాలా ఏళ్లకు నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఆసుపత్రికి వస్తే, మీ చిన్నాయన గొంతు ఎట్లుందని అడిగాడు. బాగుంది మామా అని అబద్ధం చెప్పాను.

డబ్బు రాను రాను తగ్గింది, షరతులు పెరిగాయి. తెల్లవార్లూ ఎవరు చూస్తారు, గంటలో ముగించండి అన్నారు. తర్వాత గంట కూడా ఎక్కువైంది. చివరికి పట్టపగలు బడి ఆవరణలో, ఇరవై నిమిషాల్లో, ఫొటోలు పడేటంత సేపు ఆడితే చాలన్నారు. ఎండకు రంగు కారిపోతుండగా రాజు రాజ్యం ఏలడం, పోగొట్టుకోవడం, తిరిగి సంపాదించడం అన్నీ భోజనాల బెల్లు కొట్టేలోపల జరిగిపోయాయి. నడుమ ఒక పద్యం కొత్తగా చేర్చారు. రాజు సింహాసనం మీద కూర్చొని, అప్పటి ప్రభుత్వ పథకాన్ని పొగుడుతాడు. చిన్నాయన ఒప్పుకోడనుకున్నాను. ఒప్పుకున్నాడు. నాటకం ఆగకుండా ఉంటే చాలనుకున్నాడు. ఆ పద్యం పాడుతున్నంతసేపూ ఎవరి మొహమూ చూడకుండా, బడి పైకప్పు రేకుల వంక చూస్తూ పాడాడు.

తర్వాత ప్రభుత్వం మారింది. కొత్తవాళ్ల ముందు కూర్చొని అడిగితే, "పెద్దాయనా, వాళ్ల పథకం మీద పద్యం పాడింది నువ్వే కదా" అన్నారు. ఇంకో పద్యం వీళ్ల మీద కూడా పాడతానని ఎవరో ఆయన తరఫున అనబోతే, చిన్నాయనే అతని చెయ్యి పట్టి ఆపాడు. అదొక్కటే ఆయన దక్కించుకున్న పరువు. ఆ తర్వాత అర్జీలు పట్టుకొని హైదరాబాదు పోయాడు. రాష్ట్రం రెండయ్యాక విజయవాడ పోయాడు. కళాకారుడని ఒక కార్డు ఇచ్చారు, దాన్ని చొక్కా జేబులో పెట్టుకొని తిరిగేవాడు. ఎక్కడికి పోయినా కాఫీ ఇచ్చారు, కళ మన సంపద అన్నారు, పండగ రోజు పిలిపించి శాలువా కప్పారు. ఏ ఏడూ మా ఊరికి నాటకం మాత్రం రాలేదు. ఆసుపత్రిలో ఇట్లాంటివి చూశాను. రోగికి సెలైను పెడతారు. ఇంక అన్నం దేనికని ఇంట్లోవాళ్లు క్యారియరు తేవడం మానేస్తారు. ఒకనాడు సెలైను తీసేస్తారు. అన్నం పెట్టే మనిషి అప్పటికే ఊరికి వెళ్లిపోయి ఉంటాడు.

నేను రిటైరైన ఏడు, కోతల కాలంలో ఊరికి పోయినప్పుడు, చిన్నాయన అటక మీది గోతం దించి ఉతికి ఆరేశాడు. మోకాళ్లు అరిగి కర్ర లేనిదే నడవలేకుండా ఉన్నాడు. గవర్నమెంటు వద్దు ఏమీ వద్దు పాపా, మళ్లా మన మేర మనం పోసుకుందాం, తోడు రా అన్నాడు. గోతం పట్టేదానికి ఇప్పుడు రాజెవరు అని చిన్నమ్మ దెప్పితే, "నాటకం ఆగినప్పుడు రాజు నేనే కదా, దిగమని ఎవురూ చెప్పలా" అన్నాడు. చిన్నమ్మ ఇస్త్రీ చొక్కా తీసి ఇచ్చింది. గోతం నేను మోస్తానంటే ఒప్పుకోలేదు, తనే చంకలో పెట్టుకున్నాడు. గట్ల మీద ఆయన వెనక నడుస్తుంటే, చాలా ఏళ్ల తర్వాత కూనిరాగం వినపడింది. నాకు కూడా ఆశ పుట్టిందని ఒప్పుకోవాలి.

కళ్లం ఎక్కడుందని వెతుక్కుంటూ పోయాం. కళ్లమే లేదు. కోత మిషను మడిలో తిరుగుతోంది. అది కోసి, నూర్చి, గింజల్ని గొట్టంలోంచి ట్రాక్టరులోకి కక్కుతోంది. ట్రాక్టరు పోయి రోడ్డు మీది లారీలో పోస్తోంది. పొలం మాకు ఎరిగినవాళ్లదే. ఒకప్పుడు పెద్ద కళ్లం చేసిన ఆసామి మనవడు, కృష్ణపట్నం కరెంటు ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం చేసుకుంటూ సెలవు పెట్టి కోత కోయిస్తున్నాడు. చిన్నప్పుడు మా ముందు చాప మీదే నిద్రపోయిన పిల్లవాడు. మమ్మల్ని చూసి ఎదురొచ్చి, "రా పెద్దాయనా, ఎండలో ఏంది ఇట్టొచ్చినావు" అని ట్రాక్టరు నీడలో కూర్చోబెట్టి, చల్లటి నీళ్ల బాటిలు ఇచ్చాడు. గోతం చూసి, జేబులోంచి పర్సు తీశాడు.

"గుడికా పెద్దాయనా?"

"గుడికి కాదు నాయనా. నాటకానికి. నాటకం మేర" అన్నాడు చిన్నాయన.

ఆ అబ్బాయి ఆలోచించాడు. "దానికి గవర్నమెంటోళ్లు ఇస్తారు కదా. నువ్వే ఎవురూ పొయ్యొద్దని మైకులో చెప్పినావంట, మా నాయన అంటా ఉండేవాడు" అన్నాడు. దెప్పడానికి అనలేదు. నిజంగానే అట్లా అనుకుంటున్నాడు. అని, ఒక పెద్ద నోటు తీసి రెండు చేతులతో ఇవ్వబోయాడు. పెద్దవాళ్లకు ఇచ్చే మర్యాదతోనే ఇచ్చాడు.

"డబ్బులొద్దబ్బయా. ఒక కుంచం వడ్లు పొయ్యి, చాలు."

ఆ అబ్బాయి లారీ వంక చూశాడు. మొహం చిన్నబోయింది. "వడ్లు నాయి కావు పెద్దాయనా. మిషన్లోంచి దిగినాయంటే వ్యాపారివే. పచ్చి వడ్లు, కాటా ఏసుకొని అట్నే మెడ్రాసు పోతాయి. గుప్పెడు తీసినా లెక్క ఒప్పుకోరు. మా ఇంటికి బియ్యం నేనూ కొట్లోనే కొంటా ఉండా" అన్నాడు.

చిన్నాయన తల ఊపాడు. వానలు ఎట్లున్నాయి, ప్లాంటులో జీతాలు సరిగ్గా ఇస్తున్నారా, పిల్లలెందరు అని కుశలమడిగాడు. ఇంటి దగ్గర దించుతానని ఆ అబ్బాయి బండి తీయబోతే వద్దన్నాడు. మేం లేచి వస్తుంటే, ఆ అబ్బాయి రోడ్డు దాకా మా వెంట వచ్చి నిలబడ్డాడు. మంచివాడు. అదే నాకు ఏడుపు తెప్పించింది. చెడ్డవాడు అయ్యుంటే తిట్టుకుంటూ ఇంటికి వచ్చేవాళ్లం.

ఇంకో పొలానికి పోదామా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. కాలవ గట్టు మీద చిన్నాయన ఆగి, కర్ర మీద రెండు చేతులూ ఆనించి, ఊపిరి తీసుకున్నాడు. వెనక మిషను మోత అట్లాగే వినపడుతోంది. "వాడి తప్పు ల్యా పాపా. నేనే కదా చెప్పింది" అన్నాడు. మళ్లీ, నాతో కాకుండా ఆ కాలవతో మాట్లాడినట్టు అన్నాడు. "ఇన్నేళ్లు అన్ని పద్యాలు పాడినా. ఊరికంతా కంఠతా వచ్చింది ఆ ఒక్క మాటే."

ఆ తర్వాత ఆయన పద్యం పాడగా నేను వినలేదు. పోయేముందు ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చొని, ఒక్కటి పాడు చిన్నాయనా అని బతిమాలాను. విననట్టే గోడ వైపు తిరిగాడు. పాడు అని గదమాయించే హక్కు నాకు లేదు, నేనేనాడూ కుంచం పోసినదాన్ని కాదు. ఒక ఊరు తన చేత్తో ఇవ్వడం మానుకోవడానికి ఒక్క తెల్లవారుజాము సరిపోయింది; మళ్లీ నేర్చుకోవడానికి కావలసినంత కాలం ఇప్పుడు మాలో ఎవరి దగ్గరా లేదు.